పాప ఏ దేశస్థురాలవుతుంది, అయ్యగారూ?



2025 జనవరి నెల చివరి గురువారం మా సంఘంలో గృహకూడిక జరిగింది. వాక్యం అయ్యాక ప్రార్థనాంశాలు చెప్పుకుంటున్నాము. ఒకరికి మోకాళ్ల నొప్పులు, ఒకరికి మిరప చేనులో తామర పురుగు, మరొకరికి కుదిరి చెడిపోయిన కుమార్తె సంబంధం. చివరికి వెనుక చాప మీద కూర్చున్న ఒక తల్లి లేచి, "అయ్యగారూ, మా అమ్మాయికి మార్చిలో కాన్పు. పుట్టబోయే పాప ఏ దేశస్థురాలవుతుందో ఇంకా తేలలేదంట. తేలేటట్టు ప్రార్థన చేయండి" అన్నారు.

యౌవనస్థులలో ఇద్దరు నవ్వు ఆపుకోలేకపోయారు. పొలం గట్టు తగవు తేలాలని ప్రార్థించాము, కోర్టు కేసు తేలాలని ప్రార్థించాము గాని, కడుపులో ఉన్న బిడ్డకు దేశం తేలాలని మా సంఘంలో ఇంతకు ముందు ఎవరూ అడగలేదు. నేనూ ఆ రాత్రి రెండు మాటలు ప్రార్థించి ముగించాను. ఇంటికి వచ్చి పడుకున్నాక మాత్రం ఆ మాట నన్ను విడిచిపెట్టలేదు. ఆ తల్లి వేళాకోళానికి అడగలేదు. అల్లుడు టెక్సాసు రాష్ట్రంలో కంప్యూటర్ ఉద్యోగి. అతని చదువు కోసం ఆ ఇంటివారు రెండెకరాల మాగాణి బ్యాంకులో పెట్టారు. వాళ్లు అక్కడికి దొంగదారిన వెళ్లలేదు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. అయినా బిడ్డ సంగతి తేలలేదు.

ఎందుకు తేలలేదో తెలుసుకుందామని కూర్చుంటే, అది నన్ను నూట యాభై ఏళ్ల వెనక్కు తీసుకుపోయింది. అక్కడి నుంచి అపొస్తలుల కార్యములలోకి, చివరకు మన దేశపు చట్టంలోకి కూడా తీసుకువచ్చింది. పిల్లలను విదేశాలకు పంపిన తలిదండ్రులు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు గనుక తెలిసినంత వరకు వ్రాస్తున్నాను.

ఒక ఉత్తర్వు

2025 జనవరి 20న అమెరికా అధ్యక్షునిగా రెండవసారి ప్రమాణం చేసిన డొనాల్డ్ ట్రంప్ ఆ రోజే ఒక ఉత్తర్వు మీద సంతకం చేశారు. అంతవరకు అమెరికా గడ్డ మీద పుట్టిన బిడ్డ, తలిదండ్రులు ఎవరైనప్పటికీ, అమెరికా పౌరుడే. విదేశీ రాయబారుల పిల్లల వంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప అందరికీ అదే నియమం. ఈ ఉత్తర్వు దానిని మార్చబోయింది. తల్లి అనుమతి లేకుండా ఆ దేశంలో ఉండి, తండ్రి పౌరుడు గాని శాశ్వత నివాసి గాని కాకపోతే బిడ్డకు పౌరసత్వం లేదన్నది. అంతటితో ఆగలేదు. తల్లి సక్రమంగానే వచ్చినా, ఉండటం తాత్కాలికమైతే, తండ్రికి గ్రీన్ కార్డు లేకపోతే, అప్పుడు కూడా లేదన్నది. హెచ్-1బి వీసా మీద పని చేస్తున్నవారు, వారి భార్యలు, చదువుకొనుటకు వెళ్లిన విద్యార్థులు ఈ రెండవ మాటలో పడతారు. 30 రోజుల తరువాత పుట్టే బిడ్డలందరికీ ఇది వర్తిస్తుందని వ్రాశారు.

హెచ్-1బి వీసాలలో ఏటా 70 శాతానికి పైగా భారతీయులకే వస్తున్నాయి. అందులో తెలుగువారు ఎంతమందో మీ వీధిలో ఇళ్లు లెక్కపెట్టుకుంటే తెలుస్తుంది. కాబట్టి ఆ ఉత్తర్వు వాషింగ్టన్‌లో వెలువడినా దాని దెబ్బ గుంటూరు, కరీంనగరం జిల్లాల పల్లెల్లో తగిలింది. గడువుకు ముందే ఆపరేషన్ చేసి బిడ్డను తీయమని కొందరు భారతీయ దంపతులు డాక్టర్లను అడిగారని అప్పట్లో పత్రికలలో వార్తలు వచ్చాయి. నెలలు నిండని బిడ్డను ఒక కాగితం కోసం బయటికి తీయమనుట చదివి నాకు కోపం వచ్చింది. తరువాత ఆ తల్లులను తప్పుపట్టే అర్హత నాకుందా అనిపించింది.

మూడవ రోజునే, అనగా జనవరి 23న, సియాటెల్‌లో ఒక న్యాయమూర్తి ఆ ఉత్తర్వు రాజ్యాంగానికి పూర్తిగా విరుద్ధమని చెప్పి ఆపివేశారు. ఇతర రాష్ట్రాల కోర్టులూ ఆపాయి. జూన్ 27న సుప్రీం కోర్టు, ఒక జిల్లా న్యాయమూర్తి దేశమంతటికీ వర్తించేలా ఉత్తర్వులు ఆపుట సరికాదని 6-3 తేడాతో చెప్పింది గాని, అసలు ప్రశ్న జోలికి పోలేదు. జూలై 10న న్యూ హాంప్‌షైర్‌లో మరో న్యాయమూర్తి పుట్టిన, పుట్టబోయే పిల్లలందరినీ ఒకే వర్గంగా ఎంచి వారి తరఫున ఉత్తర్వును మరల ఆపారు. డిసెంబరు 5న సుప్రీం కోర్టు అసలు ప్రశ్ననే విచారణకు తీసుకొన్నది. అలా 2025 సంవత్సరమంతా ఆ ఉత్తర్వు కాగితం మీదనే ఉండిపోయింది. అక్కడి నుంచి వ్యాజ్యం ఏ మలుపు తిరిగినా, దాని వేరు ఎక్కడున్నదో తెలియాలంటే ఒక వంటవాని కథ వినాలి.

వంటవాడు గెలిచిన కేసు

1857లో అమెరికా సుప్రీం కోర్టు డ్రెడ్ స్కాట్ అనే బానిస కేసులో, ఆఫ్రికా సంతతివారు అక్కడ ఎన్ని తరాలుగా పుట్టినా పౌరులు కాలేరని తీర్పు చెప్పింది. ఆ దేశపు చరిత్రలో అంతకంటె సిగ్గుపడవలసిన తీర్పు లేదని అక్కడివారే అంటారు. అంతర్యుద్ధం జరిగి లక్షలమంది చనిపోయాక, 1868లో రాజ్యాంగానికి 14వ సవరణ చేర్చి ఆ తీర్పును తుడిచివేశారు. అమెరికాలో పుట్టి, దాని అధికారానికి లోబడి ఉన్న వారందరూ పౌరులే అన్నది దాని సారాంశం. బానిసల పిల్లల కోసం వ్రాసిన మాట అది. వలస వచ్చినవారి పిల్లలకు కూడా చెల్లుతుందా? అది తేల్చినవాడు వాంగ్ కిమ్ ఆర్క్.

ఇతడు 1873లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. తలిదండ్రులు చైనావారు, అక్కడ చిన్న వ్యాపారం చేసుకునేవారు. ఆ రోజుల్లో చైనావారంటే కాలిఫోర్నియాలో గిట్టేది కాదు. రైలు పట్టాలు వేయించుకున్నంత కాలం వేయించుకున్నారు. పని అయిపోయాక, వీళ్లు మా కూలి పడగొడుతున్నారని గొడవలు చేశారు. 1882లో చైనా కూలీలు రాకూడదని, వచ్చినవారు పౌరులు కాకూడదని చట్టం చేశారు. వాంగ్ తలిదండ్రులు చివరికి విసిగి చైనా వెళ్లిపోయారు. కుమారుడు మాత్రం తాను పుట్టిన ఊరిలోనే వంటపని చేసుకుంటూ ఉండిపోయాడు.

1894 నవంబరులో అతడు చైనా వెళ్లాడు. వెళ్లేముందు జాగ్రత్తపడి, తాను శాన్ ఫ్రాన్సిస్కోలోనే పుట్టానని పత్రం వ్రాయించి, దాని మీద తెల్లవారి చేత సాక్షి సంతకాలు పెట్టించుకున్నాడు. తాను పుట్టిన ఊరిలో తాను పుట్టానని చెప్పుటకు తన మాట చాలలేదు. 1895 ఆగస్టులో ఓడ మీద తిరిగివస్తే రేవు అధికారి దిగనివ్వలేదు. నీవు ఇక్కడ పుడితే పుట్టావు గాని నీ రక్తం చైనాది, నీవు చైనా చక్రవర్తి ప్రజవు అన్నాడు. వాంగ్ నెలల తరబడి ఓడలోనే బందీగా ఉన్నాడు. ఒక ఓడ వెళ్లిపోతే మరో ఓడలోకి మార్చారు. అతని కళ్లెదుటే తాను పుట్టిన ఊరు, దిగుటకు మాత్రం వీలులేదు. అప్పుడతనికి 22 ఏళ్లు.

చైనావారి సంఘాలు చందాలు వేసుకుని వకీలును పెట్టాయి. 1896 జనవరిలో జిల్లా కోర్టు అతడు పౌరుడేనన్నది. ప్రభుత్వం సుప్రీం కోర్టుకు ఎక్కింది. 1898 మార్చి 28న న్యాయమూర్తి హొరేస్ గ్రే 6-2 తేడాతో వంటవాని పక్షంగా తీర్పు వ్రాశారు. చైనావారి పిల్లలు పౌరులు కారంటే, ఇంగ్లండు, ఐర్లండు, జర్మనీ నుంచి వచ్చినవారి పిల్లలు వేలాదిమంది పౌరులుగానే చెలామణి అవుతున్నారే, వారి సంగతేమిటి అన్నది ఆ తీర్పులోని గట్టి ప్రశ్న. దానికి ఎవరూ సమాధానం చెప్పలేకపోయారు. విచిత్రమేమంటే, వ్యతిరేకించిన ఇద్దరిలో ఒకరు జస్టిస్ హార్లన్. నల్లవారిని రైలు పెట్టెల్లో వేరుగా కూర్చోబెట్టుట తప్పని 1896లో ఒంటరిగా నిలబడి చెప్పినవాడు ఆయనే. ఒక అన్యాయాన్ని చూచిన కన్ను మరొకదాన్ని చూడకపోవుట మన సంఘాల్లోనూ ఉన్నదే కదా.

కథ ఇక్కడ ముగిస్తే బాగుండును. అయితే 1901లో అదే వాంగ్‌ను టెక్సాసులోని ఎల్ పాసో అనే ఊరిలో, అక్రమంగా ఉన్న చైనావాడివని పట్టుకున్నారు. సుప్రీం కోర్టు తన పేరు మీద తీర్పు ఇచ్చినా మరల రుజువులు చూపవలసి వచ్చింది. 1910లో చైనా నుంచి వచ్చిన పెద్ద కుమారుణ్ణి, నీవు అతని కొడుకువని నమ్మకం లేదని వెనక్కు పంపించారు. తరువాతి ముగ్గురు కుమారులను ఒప్పుకున్నారు. ఆఖరివాడు రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. తండ్రి 1931లో చైనా వెళ్లి మరల తిరిగిరాలేదు.

పిల్లల పేర భూములు

మన భారతీయులకూ ఆ తీర్పు అక్కరకు వచ్చింది. పంజాబు నుంచి వెళ్లిన రైతులు కాలిఫోర్నియాలో ఇంపీరియల్ లోయ అనే ఎండప్రాంతంలో కౌలు సేద్యం చేసేవారు. 1913లో అక్కడ ఒక చట్టం వచ్చింది. పౌరులు కాదగని విదేశీయులు పొలం కొనకూడదన్నారు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీం కోర్టు, భారతీయులు తెల్లవారు కారు గనుక పౌరులు కాలేరని చెప్పింది. థిండ్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరినవాడు. అయినా పనికిరాలేదు. అప్పటికే పౌరసత్వం ఇచ్చిన భారతీయుల నుంచి కూడా వెనక్కు లాక్కొన్నారు.

ఇక ఈ రైతులకు పొలమెట్లా? చాలామంది అక్కడి మెక్సికో స్త్రీలను వివాహమాడారు. పుట్టిన పిల్లలు వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పు వలన పుట్టుకతోనే పౌరులు. పాలు తాగే బిడ్డ పేర పట్టా, తండ్రి సంరక్షకుడు. అలా కొందరు పొలాలు నిలుపుకున్నారు. అరక పట్టినవాడికి లేని హక్కు ఉయ్యాలలో ఉన్నవాడికి ఉన్నది. 1946లో చట్టం మారి భారతీయులకు పౌరులయ్యే వీలు కలిగే వరకు ఇలాగే గడిచింది. భూమి సంగతి తెలిసిన మన పాఠకులకు ఇది ఎంత పెద్ద విషయమో నేను విడమరచి చెప్పనక్కరలేదు.

రంగూన్ జ్ఞాపకం

దీనికి ఎదురు కథ మనకు మరీ దగ్గరలో ఉన్నది. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి మన తాతలు రంగూన్ రేవులో మూటలు మోయుటకు, బియ్యపు మిల్లులలో పనిచేయుటకు వెళ్లారు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కారు గనుక బర్మావారు మనవాళ్లను కోరంగీలన్నారు. 1930లో రేవు పని దగ్గర గొడవ రేగి ఎందరో తెలుగు కూలీలు హతులయ్యారు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు బర్మా విడిచి అడవుల దారిన నడిచారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చాక మరికొందరు కట్టుబట్టలతో తిరిగివచ్చారు. విశాఖపట్టణంలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ వినబడుటకు కారణమిదే.

అక్కడే మిగిలిపోయినవారి పిల్లల సంగతి వేరు. 1982లో బర్మా పౌరసత్వ చట్టం చేసినప్పుడు 1823వ సంవత్సరాన్ని గీటుగా పెట్టారు. అప్పటికే ఆ దేశంలో స్థిరపడిన జాతులవారే పుట్టుకతో పూర్తి పౌరులు. మిగిలినవారిని వేరు వేరు తరగతులుగా విభజించి, వేరు రంగుల కార్డులు పెట్టారు. బిడ్డ పుట్టిన ఊరు ఏదని ఎవరూ అడగరు. నీ తాత ముత్తాతలు ఏ సంవత్సరంలో వచ్చారో కాగితం చూపించు అంటారు. కూలి పనికి ఓడెక్కిన మనిషి ఏ కాగితం దాచుకుంటాడు?

పౌలు వీపు, సహస్రాధిపతి సొమ్ము

ఇప్పుడు వాక్యం దగ్గరకు వద్దాము. అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయములో పౌలును కొరడాలతో కొట్టుటకు వారులతో కట్టారు. అప్పుడాయన, రోమీయుడైన మనుష్యుని విచారణ లేకుండా కొట్టవచ్చునా అని శతాధిపతిని అడిగాడు. సహస్రాధిపతి పరుగున వచ్చాడు. అతడు చాలా సొమ్ము పెట్టి ఆ పౌరసత్వం కొనుక్కున్నవాడు. పౌలు మాత్రం పుట్టుకతోనే తనకది ఉన్నదన్నాడు. కట్టినవారు భయపడి తప్పుకున్నారు.

పౌలు యూదుడు. పుట్టినది కిలికియలోని తార్సులో. ఆయనకు పౌరసత్వం వచ్చింది తార్సు నేల వలన కాదు, తండ్రి వలన. రోమా పద్ధతి అది, రక్తాన్ని బట్టి. వాంగ్ కిమ్ ఆర్క్‌కు వచ్చింది నేలను బట్టి. ఈ రెండు దారులు ఈనాటికీ ఉన్నాయి. అయితే ఇద్దరిలోనూ ఒకటి కనిపిస్తుంది. బిడ్డ తాను సంపాదించినది కాదు. పుట్టేసరికి అది అక్కడ ఉన్నది. సహస్రాధిపతి సొమ్ముతో కొన్నదానికంటె అది గట్టిగా నిలిచింది.

కొందరు విశ్వాసులు వెంటనే ఒక మాట అంటారు. మన పౌరసత్వం పరలోకంలో ఉన్నది, ఈ లోకపు కాగితాలతో మనకేమి పని అంటారు. ఫిలిప్పీయులకు ఆ సంగతి వ్రాసినవాడు ఈ పౌలే. అదే ఫిలిప్పీ పట్టణంలో విచారణ లేకుండా కొట్టి, మరునాడు చప్పుడు చేయకుండా వెళ్లిపొమ్మంటే, అధికారులే వచ్చి బయటికి తీసుకుపోవాలని పట్టుబట్టినవాడూ ఈ పౌలే. తరువాత కైసరు ఎదుట చెప్పుకొంటానన్నవాడూ ఆయనే. పరలోక పౌరసత్వం ఉన్నవాడు భూమి మీది పౌరసత్వాన్ని పారవేయలేదు. నాకు ఇది చాలాకాలం కనబడలేదు, ఆ తల్లి అడిగేవరకు.

పాత నిబంధనలో మరో చోటు ఉన్నది. మన ప్రసంగాలలో దానిని తక్కువగా ముట్టుకుంటాము. యెహెజ్కేలు 47వ అధ్యాయం అనగానే అందరూ మందిరం గడప క్రింద నుంచి పారిన నది గురించి చెబుతారు. ఆ నది అయ్యాక, 22, 23 వచనాలు చదవండి. దేశాన్ని చీట్లు వేసి పంచుకునేటప్పుడు, మీ మధ్య నివసించి పిల్లలను కన్న పరదేశులను దేశంలో పుట్టినవారిగానే ఎంచి, వారు ఏ గోత్రంలో కాపురమున్నారో ఆ గోత్రంలోనే వారికి స్వాస్థ్యం ఇవ్వమని దేవుడు చెప్పాడు. పరదేశిని ప్రేమించమని లేవీయకాండము 19వ అధ్యాయములో చెప్పినదానికంటె ఇది ఒక అడుగు ముందుకు. పొలంలో వాటా ఇది. పిల్లలను కన్నారన్న మాట అక్కడ ఊరికే పడలేదని నా అభిప్రాయం.

మోయాబీయులు పదవ తరము వరకు సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండములో ఉన్నది. మోయాబీయురాలైన రూతు కన్న ఓబేదు దావీదుకు తాత. లెక్క పెట్టి చూడండి, ఎన్ని తరాలయ్యాయో.

మన ఇంటి గుమ్మం

ఇంత వ్రాసి అమెరికాను మాత్రమే అని ఊరుకుంటే న్యాయం కాదు. మన 1955 పౌరసత్వ చట్టం మొదట ఎంతో ఉదారంగా ఉండేది. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 వరకు ఈ గడ్డ మీద పుట్టినవారు, తలిదండ్రులు ఎవరైనా, పౌరులే. తరువాత తలిదండ్రులలో ఒకరైనా భారతీయులై ఉండాలన్నారు. 2004 డిసెంబరు 3 నుంచి, ఆ రెండవవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదని కూడా కలిపారు. అంటే ట్రంప్ ఉత్తర్వు మూయబోయిన తలుపు వంటిదాన్ని మన పార్లమెంటు ఏనాడో మూసింది. మనమెవరము ప్రార్థన కూడిక పెట్టుకోలేదు.

ఆ తలుపు అవతల ఉన్నవారు మనకు దూరం కాదు. తమిళనాడులో శ్రీలంక శరణార్థుల శిబిరాలలో పుట్టి పెరిగి, అక్కడే పిల్లలను కన్నవారున్నారు. 1987కు ముందు పుట్టినవారికి చట్టప్రకారం హక్కు ఉన్నా అది వారికి చెప్పినవారు లేరు. ఒక స్త్రీ కోర్టుకు వెళ్తే, 2022లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఆమె పుట్టుకతో పౌరురాలని ఒప్పుకొని పాస్‌పోర్టు ఇవ్వమన్నది. 2024 ఎన్నికలలో, దాదాపు నలభై ఏళ్ల వయస్సులో, ఆమె మొదటిసారి ఓటు వేసింది. ఆమె పిల్లలు 1987 తరువాత పుట్టినవారు. తల్లి దారి వారికి లేదు.

వలస వచ్చి కన్నంత మాత్రాన పౌరసత్వమెందుకు ఇవ్వాలి, కాన్పు కోసమే విమానమెక్కేవారు లేరా అని అడిగేవారున్నారు. లేరని నేననను. అయితే బిడ్డ పేరు చెప్పి తలిదండ్రులు అక్కడ పాతుకుపోతారన్న మాట నిలవదు. అమెరికాలో పుట్టిన బిడ్డ తలిదండ్రుల కోసం దరఖాస్తు చేయాలంటే 21 ఏళ్లు నిండాలి. ఇరవై ఒక్క ఏళ్లు కాచుకొని ఉండుటకు ఎవరైనా ఎత్తు వేస్తారా?

అసలు బాధ మరొకచోట ఉన్నది. ఒకే ఇంట్లో పెద్దవాడు తెనాలిలో పుట్టాడు, చిన్నది డల్లాసులో పుట్టింది అనుకోండి. ఇద్దరూ ఒకే బడికి పోతారు, ఒకే ఇంగ్లీషు మాట్లాడతారు, ఆదివారం బడిలో ఒకే పాట పాడతారు. చిన్నది పౌరురాలు. పెద్దవాడు తండ్రి వీసాను పట్టుకొని ఉన్న ఆశ్రితుడు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏటా సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదని నియమం. మనవాళ్ల వరుస పదుల సంవత్సరాలు పోతున్నది. ఈలోగా పెద్దవాడికి 21 నిండితే తండ్రి వీసా క్రింద ఉండుటకు వీలులేదు. విద్యార్థి వీసాకు మారాలి, లేదా తనకు జ్ఞాపకమే లేని తెనాలికి రావాలి. చిన్నప్పుడు కాగితాలు లేకుండా వచ్చిన పిల్లలకు 2012లో అక్కడ కొంత రక్షణ ఇచ్చారు. సక్రమంగా వచ్చిన మన పిల్లలు, సక్రమంగా వచ్చిన కారణాన, దానికి తగలేదు.

తలిదండ్రులు తెలుసుకోవలసినవి

తరచుగా నన్నడిగే రెండు మూడు సంగతులు చెప్పి ముగిస్తాను. మన రాజ్యాంగం రెండు దేశాల పౌరసత్వాన్ని ఒప్పుకోదు. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మనుమడికి మన పాస్‌పోర్టు ఉండదు. దానికి బదులు ఓసీఐ కార్డు తీసుకోవచ్చు. ఈ పథకం 2006 జనవరిలో మన హైదరాబాదులోనే ప్రారంభించారు. దానితో ఎప్పుడైనా వచ్చి ఉండవచ్చు గాని ఓటు లేదు. వ్యవసాయ భూమి, తోటలు, ఫారం హౌసు కొనుటకు వీలులేదు. వారసత్వంగా వస్తే మాత్రం రావచ్చు. కాబట్టి తాత పొలం మనుమడికి చెందదేమోనన్న భయం వద్దు. విల్లు వ్రాసేవారు అన్ని పేర్లు స్పష్టంగా వ్రాయండి.

తలిదండ్రులు భారతీయులైతే, విదేశంలో పుట్టిన బిడ్డను ఒక సంవత్సరం లోపల భారత కాన్సులేటులో నమోదు చేయించి మన పౌరసత్వం పొందవచ్చు. ఆ బిడ్డకు మరో దేశపు పాస్‌పోర్టు లేదని ప్రకటన వ్రాసి ఇవ్వాలి. అంటే ఆ తల్లి భయపడినట్టు పాప ఏ దేశమూ లేనిదై పోదు. ఆ సంగతి మరుసటి గురువారం ఆమెకు చెప్పాను. "మన దేశమైనా ఉంటదంటారా" అని, ఆ పూట కుదుటగా కూర్చున్నారు. అయితే ఇంకొంచెం ఆలోచించి, "మరి అక్కడ ఏ కాగితం మీద ఉంటదయ్యగారూ, పుట్టిన రోజు నుంచే వీసా కావాలా?" అన్నారు. దానికి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

మార్చి రెండవ వారంలో సుఖప్రసవమైంది. కోర్టులు ఆపి ఉంచినందున పాపకు అక్కడి జనన పత్రం, తరువాత పాస్‌పోర్టు వచ్చాయి. క్రిస్మసుకు వస్తారనుకున్నాము, రాలేదు. వీసా ముద్ర కోసం ఇక్కడికి వచ్చిన అల్లుడు తిరిగి పోలేకపోతే ఉద్యోగం పోతుందని వారి భయం. పాప రావచ్చు, ఆమెకు ఏ అడ్డూ లేదు. తీసుకువచ్చే తలిదండ్రులకే ధైర్యం చాలడం లేదు.

డిసెంబరు చివరి ఆదివారం ఆ తల్లి ఆరాధన అయ్యాక నిలబడి, పాప పేరు మన సంఘం పుస్తకంలో వ్రాసుకోమని అడిగారు. ప్రతిష్ఠ తరువాత చేద్దురు గాని, పేరైతే వ్రాయండన్నారు. మా కార్యదర్శి పుస్తకం తెరిచి తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ వ్రాశాడు. పుట్టిన ఊరు అన్న గడి దగ్గర ఆగి ఆమె వంక చూశాడు. ఆమె కొంగు ముడిలో నుంచి చీటీ తీసి ఇచ్చారు. అల్లుడు తెలుగులోనే వ్రాయించి పంపాడట. ఫ్రిస్కో, టెక్సాసు.

పైన ఉన్న పేర్లన్నిటికీ ఆ గడిలో మా ఊరే ఉన్నది.